డిప్రెషన్‌లో ఉన్నప్పుడు చిన్న పనికైనా మోటివేషన్ ఎలా వస్తుంది?

ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు, కనీసం చిన్న పనులకైనా మోటివేషన్ ఎలా తెచ్చుకోవాలని అడిగారు. నా విషయంలో అది ముందు రాలేదండి. పని అయ్యాక వచ్చింది. అదీ కొంచెమే, అదీ రోజూ కాదు.

అప్పుడు బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉండేవాణ్ని. ఉద్యోగం పోయి రెండు నెలలు. స్నానం చేసి నాలుగైదు రోజులయ్యేది. అనంతపురం నుంచి అమ్మ ఫోన్ చేసి "ఏం తిన్నావురా" అంటే, మెస్ మొహం చూడకుండానే "పప్పు, రసం" అని చెప్పేసేవాణ్ని.

ఎవరో చెబితే 14416కి ఫోన్ చేశాను. టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్‌లో మొదలైంది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడి నుంచి డాక్టరు, కౌన్సెలరు. ఆ కౌన్సెలరమ్మ చెప్పిన పద్ధతి పేరు బిహేవియరల్ యాక్టివేషన్. దిగులుతో పనులు మానేస్తాం, మానేసేకొద్దీ కాస్త ఊరటనిచ్చేవి కూడా పోయి ఇంకా కుంగుతాం. అందుకని మూడ్ కోసం చూడకుండా పనితోనే మొదలుపెట్టాలట. చెప్పడం తేలికే అనుకున్నాను.

"స్నానం పెద్ద పని. గీజర్ స్విచ్ వేయగలరా?" అన్నారావిడ. అంతే, స్విచ్. స్నానం చేయకపోయినా పర్లేదన్నారు. మంచానికీ ఆ గోడకీ ఆరడుగులు. వేసొచ్చి మళ్లీ పడుకున్నాను. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. కాసేపటికి రూమ్మేట్ గుర్తొచ్చాడు. నీళ్లు కాగి వృథా అయితే వాడు ఊరుకోడు, ఓనరైతే కరెంటు బిల్లు పురాణం విప్పుతాడు. ఆ భయానికి లేచి నాలుగు మగ్గులు పోసుకున్నాను. సంతోషమేమీ కలగలేదు. తల దురద మాత్రం తగ్గింది.

తర్వాత చెప్పులేసుకుని గేటు దాకా. ఇంకొన్నాళ్లకు మూల మీది టీ కొట్టు దాకా. కన్నడలో "సక్కరె కమ్మి" (చక్కెర తక్కువ) అనడమే ఆ రోజుకి నేను మాట్లాడిన మాట. చేసిన పనీ, పదికి ఎంత బాగనిపించిందో కాగితం మీద రాయమన్నారు. నా కాగితం నిండా రెండులు, మూడులే. టీ దగ్గర ఒకసారి ఐదు పడింది. (పొద్దున్నే ఐదింటికి లేచి పరిగెత్తమనే వీడియోలు చూడకండి. నాకు వాటితో సిగ్గే మిగిలింది.)

ఒక తప్పు చేశాను. మాత్రలు వారం వాడి, పనిచేయట్లేదని నేనే మానేశాను. అవి పట్టడానికి కొన్ని వారాలు పడుతుందని డాక్టర్ చీవాట్లు పెట్టారు. ఇంకొకటి, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఈ స్విచ్‌ల గోల పక్కన పెట్టి ఇప్పుడే 14416కి ఫోన్ చేయండి, ఒంటరిగా ఉండకండి.

ఉద్యోగం ఆర్నెల్లకి దొరికింది. అంతకంటే ముందే ఒకరోజు అమ్మ "ఏం తిన్నావురా" అంటే "టీ, రెండు బన్నులు" అని నిజం చెప్పాను. ఫోన్ పెట్టేదాకా తిడుతూనే ఉంది.