మిద్దె మీద సిమెంటు పోయొచ్చా?

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. తాతల నాటి మట్టిమిద్దె. రెండేళ్లుగా వానొస్తే వంటింట్లో కారుతోంది. తమ్ముడు కొట్టేసి స్లాబ్ వేద్దామంటున్నాడు, అమ్మ ఒప్పుకోవడం లేదు. పైన సిమెంటు పోయిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, కడప జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ సిమెంటు ఆలోచన మానుకోండి. మా ఇంట్లో అదే జరిగింది. కారుతోందని నాన్న మిద్దె మీద రెండంగుళాల సిమెంటు పోయించారు. రెండు ఎండాకాలాలకే పగుళ్లిచ్చింది. వాటిలోంచి దిగిన తడి ఆరే దారి లేక లోపలే నిలిచిపోయింది. దూలం పైకి గట్టిగానే కనబడేది. గోడలో దూరిన కొసను మేస్త్రీ కమ్మీతో పొడిస్తే తడిసిన బెల్లంలో దిగినట్టు దిగింది.

మిద్దెను కాపాడేది పైన పోసే చవుడు మట్టి. ఆ మట్టిలో సోడియం లవణాలు ఎక్కువ. తడి తగలగానే రేణువులు విడిపోయి సందుల్ని పూడ్చేస్తాయి, నీళ్లు కిందికి దిగవు. వానలకు కొంత కొట్టుకుపోతుంది కాబట్టే పెద్దవాళ్లు తొలకరికి ముందు మళ్లీ పోసేవాళ్లు. మీ ఇంట్లో చివరిసారి ఎప్పుడు పోశారో అమ్మగారిని అడగండి. కారడం బహుశా ఆ పని ఆగిపోయాకే మొదలై ఉంటుంది.

కొత్తది పోసే ముందు పాతది కొంత గీకి తీయించండి. ఏటా పైపైనే పోస్తూ పోతే బరువు పెరిగిపోతుంది, నానితే ఇంకా బరువు. ముసురు పట్టినప్పుడు మిద్దెలు కూలడానికి అదొక కారణం. దూలాల కొసలు, వాటి మీద అడ్డంగా పరిచిన దంతెలు పొడిచి చూడాలి. చెద పట్టినదాన్ని మార్చుకోవచ్చు, ఇల్లంతా కూల్చనక్కర్లేదు. గోడ ఉబ్బినా, దూలం ఒంగినా మాత్రం మరమ్మతు అయ్యేదాకా ఆ గదిలో ఎవరూ పడుకోవద్దు. గోడలకు సున్నమే పూయించండి. బాత్రూం మట్టిగోడకు ఆనించి కట్టొద్దు.

ఇక మీ తమ్ముడి స్లాబ్ సంగతి. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా తాగిన ఎండను రాత్రి గదిలోకి వదులుతుంది. ఫ్యాను ఆ వేడినే తిప్పుతుంది. రెండడుగుల రాయీ మట్టీ గోడ దాటి ఎండ లోపలికి చేరేసరికి బయట చల్లబడుతుంది, చేరిన వేడి కూడా గవాక్షిలోంచి, అంటే మిద్దెకు వదిలిన కంతలోంచి, పైకి పోతుంది. చిన్నప్పుడు చినుకు పడగానే నిచ్చెనెక్కి గవాక్షి మీదికి బండ జరపడం నా పని. మీ ఇంట్లో దాన్ని రేకుతో మూసేసి ఉంటే తీయించండి, అమ్మగారికి వేసవి మధ్యాహ్నాలు తేలికవుతాయి.

చవుడు పోయడం తెలిసినవాళ్లు మీ ఊళ్లో ఇంకా ఉంటే వానలకు ముందే పిలిపించండి. ఆ రోజు మీ తమ్ముణ్ణి కూడా మిద్దె ఎక్కించండి. వచ్చే ఏడాది పోయాల్సింది అతనే.