చెకింగ్ ప్లగిన్ రాస్తున్న చిన్నాకి, బాబాయి

ఒరేయ్ చిన్నా,

నిన్న ఫోన్లో అన్నావు కదా, మీ టీమ్ కోసం గ్రేడిల్ అనే బిల్డ్ టూల్‌కి కోడ్ చెక్ చేసే ప్లగిన్ రాస్తున్నా, చెక్ ఫెయిలైతే ఒక ఎక్సెప్షన్ (పని మధ్యలో ఆపేసే ఎర్రర్) విసిరేస్తా, ఇంకేముంది బాబాయ్ అని. అప్పుడే అడ్డం పడదామనుకున్నా, ఇంతలో మీ పిన్ని అన్నానికి పిలిచింది. అందుకే రాస్తున్నా.

ఇరవై ఏళ్ళకి పైగా ఈ బిల్డులతోనే, అంటే రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా కట్టే పనితోనే, కాపురం చేశా. వెనకటికి ఒక కంపెనీలో, పేరెందుకులే, మావెన్ (ఇదీ గ్రేడిల్ లాంటి టూలే) బిల్డు ఎప్పుడూ స్టాక్ ట్రేస్, అంటే ఎర్రర్ కోడ్‌లో ఏ దారిన వచ్చిందో చూపే పొడుగాటి జాబితా, ఆన్ చేసే నడిపేవాళ్ళు. కొత్తగా చేరిన అమ్మాయి ఒకరోజు పొద్దున్నే లాగ్ తెరిస్తే కిందంతా మోజోఫెయిల్యూర్‌ఎక్సెప్షన్ అని గజమంత ట్రేస్, పాపం మావెనే పాడైందనుకుని జావా తీసేసి మళ్ళీ ఎక్కించింది, డౌన్‌లోడ్ చేసిన లైబ్రరీలుండే లోకల్ రిపాజిటరీ మొత్తం చెరిపేసి మళ్ళీ డౌన్‌లోడ్ పెట్టింది, మధ్యాహ్నం భోజనాల దాకా అదే పని. తీరా చూస్తే ఒక ఫైల్లో స్పేసులు ఉండాల్సిన చోట ట్యాబ్ ఉంది, కోడ్ రాసే పద్ధతి చూసే చెక్‌స్టైల్ పట్టుకుంది, అంతే. ఆ ముక్క లాగ్‌లో ఉంది కూడా, కాకపోతే ట్రేస్‌కి పైనెక్కడో, ఎవడు చూస్తాడు?

చెక్ ఫెయిలైందంటే నీ టూల్ తన పని తాను సరిగ్గా చేసిందని రా. ట్రేస్ ఎప్పుడు కావాలి, నీ ప్లగిన్ కోడే పగిలినప్పుడు, దాని సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్ దొరకనప్పుడు. ఈ రెండూ ఒకేలా కనపడితే చూసేవాడు ఎవర్ని తిట్టాలో తెలీక ముందు నిన్నే తిడతాడు. మావెన్ వాళ్ళు అందుకే రెండు ఎక్సెప్షన్లు పెట్టారు, కోడ్‌లో తప్పు దొరికితే మోజోఫెయిల్యూర్, ప్లగిన్‌కే ఏదో అయితే మోజోఎగ్జిక్యూషన్. జావాస్క్రిప్ట్ కోడ్‌లో తప్పులు పట్టే ఈఎస్‌లింట్ చూడు, తప్పులు దొరికితే ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే నంబరు) 1, కాన్ఫిగ్ చెడినా, ఈఎస్‌లింటే క్రాష్ అయినా 2. పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్ ఇంకా తెలివైంది, ఒక్క టెస్టూ దొరక్కపోతే 5 ఇస్తుంది, ఏమీ నడపకుండా అంతా బాగుందని పచ్చ లైటు వేయదు. నీకు గ్రేడిల్‌లో వెరిఫికేషన్‌ఎక్సెప్షన్ అని దీనికోసమే ఉంది, అది వాడు.

ఇంక మెసేజ్. 'తప్పులున్నాయి, రిపోర్ట్ ఫలానా ఫోల్డర్లో చూడండి' అని ఊరుకోకు, సీఐలో, అంటే కోడ్ పుష్ చేసినప్పుడల్లా తనంతట తానే బిల్డ్ నడిపే సర్వర్లో, ఆ బిల్డ్ నడిచిన తాత్కాలిక కంటైనర్ అప్పటికే పోయి ఉంటుంది, ఆ ఫోల్డర్ ఎక్కడని వెతకాలి? ఫైల్ పేరు, కోలన్, లైన్ నంబర్, కోలన్, ఏం తప్పో, పక్కన రూల్ పేరు, అంతా ఒకే లైన్లో ఇవ్వు. సీ కంపైలర్ జీసీసీ ఎప్పట్నుంచో ఇలాగే ఇస్తోంది, చాలా ఎడిటర్లు దాన్ని గుర్తుపట్టి క్లిక్ చేస్తే నేరుగా ఆ లైన్‌కి పట్టుకుపోతాయి. కవరేజ్ (టెస్టులు కోడ్‌లో ఎంత భాగాన్ని నడిపాయో ఆ లెక్క) లాంటిదైతే వచ్చిందెంత, ఉండాల్సిందెంత రెండూ చెప్పు, ఆ లెక్క తీసే జాకోకో చెప్పినట్టు, 0.78 ఉంది కనీసం 0.80 కావాలి అని.

మొదటి తప్పు దగ్గరే ఆగిపోకు, అది మాత్రం నాకు ఒళ్ళు మంట. ఒకటి దిద్ది పుష్ చేసి పన్నెండు నిమిషాలు కూర్చుంటే అప్పుడు రెండోది చెబుతుంది, ఏం ముందే చెప్పడానికేం రోగం? అలాగని మూడొందలు ఒకేసారి కుమ్మరించకు, ఓ ఇరవై చూపించి మిగతావి ఎన్నో లెక్క చెప్పు, ఆ లెక్క లాగ్‌లో చివరి లైన్లో ఉండాలి, ఎవడైనా ముందు అక్కడికే పోతాడు కాబట్టి. రంగులు నీ ఇష్టం.

రేపు కావాలనే ఒక ట్యాబ్ పెట్టి బిల్డ్ ఫెయిల్ చేసి, లాగ్‌లో చివరి ముప్పై లైన్లు నాకు పంపు. స్క్రీన్‌షాట్ వద్దు, ఈ కళ్ళజోడుకి ఆ అక్షరాలు ఆనవు, టెక్స్ట్‌గానే పంపు.

ఉంటా మరి,
బాబాయి