కథకి ముగింపు కుదరడం లేదంటే, మీ పాత్ర చేసే పని మీకు తెలియదన్నమాట

మీరు అడిగింది ఇది: "కథ మొదలుపెడుతున్నాను, మధ్యదాకా బాగానే నడుస్తోంది, ముగింపు దగ్గర ఆగిపోతోంది. చిన్న కథలు రాయడంలో మెళకువలు చెప్పండి."

మెళకువలంటే ఎత్తుగడ, శిల్పం, కొసమెరుపు అంటూ చాలామంది చెప్తారు. నేను వాటి జోలికి పోను. నాకు గట్టిగా నమ్మకమున్న మాట ఒక్కటే ఉంది. మీ పాత్ర ఏ పని చేసి బతుకుతుందో, ఆ పనిలో చెయ్యి ఎలా ఆడుతుందో, డబ్బు ఎవరి దగ్గర్నుంచి ఎప్పుడు వస్తుందో మీకు తెలిస్తే ముగింపు దానంతటదే వస్తుంది. అది తెలియకుండా రాస్తే చివర్లో మిగిలేవి రెండే దార్లు. పాత్రని చంపెయ్యడం, లేదా ఊరు విడిచి పంపెయ్యడం. పత్రికల్లో వచ్చే కథల్లో సగానికి సగం ఈ రెండిట్లో ఒకదానితోనే ముగుస్తాయి, కావాలంటే చూడండి.

మాది పోచంపల్లి దగ్గర చేనేత కుటుంబం. నాన్న మగ్గం మీద, అమ్మ ఆసు మీద. నేను ఉద్యోగానికి హైదరాబాదు వచ్చేశాను, కథలు రాస్తుంటాను. మా ఆఫీసులో గుంటూరు వైపు కుర్రాడొకడు ఉన్నాడు, నన్ను అన్నా అంటాడు. వాడూ రాస్తాడు, భాష మంచిది, చదివిస్తుంది. ఒకసారి నేతన్న మీద కథ రాసి పట్టుకొచ్చాడు. అప్పుల్లో ఉన్న రాములు మగ్గం మీద కూర్చుని నేస్తుంటాడు. వడ్డీ వ్యాపారి వాకిట్లోంచి కేకేస్తాడు. రాములు ఒక్క ఉదుటున లేచి బయటికి పరుగెత్తుతాడు, అందరి ముందూ అవమానం జరుగుతుంది. అక్కడిదాకా బాగుంది. తర్వాత రాములు ఉరేసుకోవాలా, సూరత్ మిల్లుల్లో పనికి వెళ్ళిపోవాలా అన్నది వాడికి తేలడం లేదు. రెండు ముగింపులూ రాసి తెచ్చాడు. రెండూ చచ్చినట్టున్నాయి.

నేనేమీ చెప్పలేదు. ఆదివారం వాణ్ణి మా ఊరు తీసుకెళ్ళి, మా అమ్మకి చదివి వినిపించమన్నాను. అమ్మ గడప దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది. రాములు ఒక్క ఉదుటున లేచే చోట చెయ్యి ఆపింది.

"మగ్గం గుంటల కాళ్ళు పెట్టుకోని కూసున్నోడు అట్లెట్ల లేస్తడు బిడ్డా? ఒడి మీద అడ్డంగ బట్ట సుట్టిన కట్టె ఉంటది. పక్కకు జరిగి, కాళ్ళు పైకి తీస్కోని, మెల్లగ లేవాలె. అంతదాంక ఆ సావుకారి అరుస్తనే ఉంటడు."

వాడు నవ్వి రాసుకున్నాడు. అక్కడితో అయిపోలేదు. కథంతా విన్నాక అమ్మ అడిగింది: "చీరె సగం నేసిండన్నవ్ గదా. దానికి ఆసు ఎవ్వలు పోసిన్రు?"

"ఆసు అంటే ఏంటమ్మా?"

అమ్మ చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టి లేచి నిలబడింది. ఆసంటే తెలియనివాళ్ళ కోసం చెప్తాను. పోచంపల్లి చీరలో ఆ రంగుల డిజైను నేసేటప్పుడు పుట్టదు. పేక నూలుని ముందే ఒక చట్రానికి చుట్టి, డిజైను ప్రకారం అక్కడక్కడ బిగించి కట్టి (దీన్నే చిటికి కట్టడం అంటారు), రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. చట్రానికి ఒకవైపు ఒక్క మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరుస మేకులు. ఈ మేకు నుంచి ఆ మేకుకి, అక్కణ్ణుంచి మళ్ళీ ఇక్కడికి పోగు చుట్టడమే ఆసు పోయడం. ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9000 సార్లు అటూ ఇటూ తిరగాలి. నాలుగైదు గంటల పని. ఎక్కువగా ఆడవాళ్ళే చేసేవారు.

అమ్మ గాలిలోనే ఆసు పోసి చూపించింది. ఎడమ చేత్తో లేని మేకుని చూపించి, కుడి చెయ్యి సాచి, వెనక్కి లాగి, మళ్ళీ సాచింది. పై వరుస మేకుల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి భుజం ఎత్తులో ఆగిపోయింది. అక్కణ్ణుంచి పైకి లేవదు, చాలా ఏళ్ళుగా లేవదు. వాడు ఆ చేతినే చూస్తున్నాడు.

"ఒక్క పోగు తప్పితే డిజైను గుంజుకపోతది. మల్ల ఇప్పి మొదటికెల్లి పొయ్యాలె. అప్పున్న ఇంట్ల ఆడది ఉత్తగ కూసోదు బిడ్డా. మరి నీ కథల ఆమె ఏడ పోయింది?"

తిరుగు బస్సులో వాడు మాట్లాడలేదు. తర్వాత కథ తిరగరాశాడు. రాములు ఇంకా ఉన్నాడు గానీ, కథ అతని భార్యది అయింది. పక్క వీధిలో ఒకరింటికి ఆసు యంత్రం వస్తుంది. దాని సంగతి నిజమే. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక ఏళ్ళ తరబడి తిప్పలు పడి 1999లో తయారుచేశాడు. యంత్రానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. కథలో ఆమె దగ్గర వడ్డీ కోసం దాచిన డబ్బుంది. ఆ డబ్బు తీసుకెళ్ళి యంత్రం మీద ఆసు పోయించుకుని వస్తుంది. సావుకారి వచ్చేసరికి ఇంట్లో వడ్డీ లేదు, పోసిన ఆసు ఉంది. మొగుడు మగ్గంలోంచి మెల్లగా లేస్తుంటాడు, ఆమె వాకిట్లోకి ముందే వచ్చి నిలబడుతుంది. అంతే, కథ అయిపోయింది. ఎవరూ చావలేదు, ఎవరూ సూరత్ పోలేదు. ఆ ముగింపు కోసం వాడు వెతుక్కోనే లేదు. ఆ ఇంట్లో పని ఎలా జరుగుతుందో తెలిసేసరికి ఆమె ఏం చెయ్యగలదో, ఏం చెయ్యలేదో తెలిసింది.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. ఆ కథలో మా అమ్మ మాటల్లాంటి సంభాషణలు నాలుగైదు ఉన్నాయి. ఒక పత్రిక వాళ్ళు వాటిని పుస్తకాల తెలుగులోకి మార్చి అచ్చేశారు. ఒక్క మాట అడగలేదు. ఆసు పోసే మనిషి రేడియో వార్తల్లా మాట్లాడితే ఆ మనిషిని ఎవరు నమ్ముతారు? ఏ యాస రాసినా పాఠకుడికి అర్థం కాదని ఈ సంపాదకులకి ఎందుకింత భయమో నాకు ఎప్పటికీ అర్థం కాదు. మీరు కథ పంపేటప్పుడు, అది మీ సొంత కథేనని ఇచ్చే హామీపత్రంతో పాటు "సంభాషణల్లో యాస మార్చవద్దు" అని ఒక వాక్యం తప్పకుండా రాయండి.

పని తెలిసినవాళ్ళ కథలే నిలుస్తాయని నేనంటే కొందరు ఒప్పుకోరు. కథకుడు రావిశాస్త్రి విశాఖపట్నంలో వకీలు. మద్యనిషేధం రోజుల్లో సారా కేసుల చుట్టూ పోలీసులు, ప్లీడర్లు, సాక్షులు ఎలా తిరుగుతారో కోర్టులో నిలబడి చూసినవాడు. అందుకే ఆయన కథల్లో చిన్న జవాను కూడా ప్రాణంతో ఉంటాడు. వకీలు కానివాడు కూడా రాయొచ్చు, కాకపోతే వెళ్ళి కోర్టు వరండాలో కూర్చోవాలి.

ఇది చేతిపనులకే వర్తిస్తుందనుకోకండి. సాఫ్ట్‌వేర్ కథలు, అమెరికా తెలుగువాళ్ళ కథలు చూడండి. బాల్కనీ ఉంటుంది, కాఫీ ఉంటుంది, వాన ఉంటుంది, ఇండియాలో ఒంటరి తల్లిదండ్రులు ఉంటారు. ఆ అబ్బాయి రోజుకి ఎనిమిది గంటలు ఆఫీసులో ఏం చేస్తాడో ఒక్కరూ రాయరు. అర్ధరాత్రి సర్వర్ పడిపోయి ఫోన్ మోగితే ఆ టెన్షన్ ఏమిటి? ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూర్చున్న మనిషి ఇంట్లో ఆ సంగతి చెప్పకుండా రోజూ బ్యాగు తగిలించుకుని ఎక్కడికి వెళ్తాడు? ఇవన్నీ కథలే, ఎవరూ ముట్టుకోకుండా పడున్నాయి.

మనుషుల దగ్గరికి వెళ్ళినప్పుడు "మీ కష్టాలు చెప్పండి" అని మాత్రం అడగొద్దు. టీవీ వాళ్ళకి చెప్పిందే మీకూ చెప్తారు. పొద్దున లేవగానే ముందు ఏది చేత్తో పట్టుకుంటారో అడగండి. ఏ పని పిల్లలకి అప్పజెప్తారో, ఏది అప్పజెప్పరో అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, సరుకు పాడైతే నష్టం ఎవరిదని అడగండి. రంగు తేడా వస్తే నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ భరిస్తాడా, నేసినవాడి కూలీలోంచి కోస్తాడా? మీ కథలో గొడవ దాదాపు ఎప్పుడూ ఈ ప్రశ్న దగ్గరే దొరుకుతుంది.

తెలుసుకున్నదంతా కథలో కుక్కొద్దు. మా ఆఫీసు కుర్రాడి కథలో ఆసు గురించి ఉన్నది నాలుగు వాక్యాలే. మిగతాదంతా రాసేవాడి తలలో ఉండి, పాత్ర తప్పుడు అడుగు వెయ్యకుండా ఆపుతుంది.

చదవడం సంగతి కూడా మీరు అడగకపోయినా చెప్తాను. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథానిలయం అనే కథల గ్రంథాలయం ఉంది. పాత పత్రికల్లోని కథల్ని స్కాన్ చేసి వాళ్ళ వెబ్‌సైటులో ఉచితంగా పెట్టారు. పేరున్న రచయితల్నే వెతకొద్దు. పేరు తెలియని ఒక పాత కథ తెరిచి, పాత్ర ఏం పని చేస్తుందో అన్న ఒక్క ప్రశ్నతో చదవండి. ఏ కథ ఎక్కడ కుంటుతుందో మీకే తెలిసిపోతుంది.

ఇక ముగింపు ఆగిపోయిన మీ కథని ఇప్పుడు పక్కన పెట్టకండి. అందులో మనిషి చేసే పనే చేస్తున్నవాళ్ళు మీ వీధిలోనో, మీ చుట్టాల్లోనో ఎవరో ఒకరు ఉంటారు. కథ పట్టుకెళ్ళి వాళ్ళకి గట్టిగా చదివి వినిపించండి. బాగుందా అని అడగొద్దు, మర్యాదకి బాగుందనే అంటారు. చదువుతున్నంతసేపూ ఫోన్లో రికార్డింగ్ పెట్టుకుంటానని ముందే చెప్పి పెట్టుకోండి. వాళ్ళు ఎక్కడ అడ్డుపడి ఏం అడిగారో ఇంటికొచ్చాక విని, ఆ ప్రశ్న వచ్చిన పేరా దగ్గర్నుంచి తిరగరాయండి.