మాత్రలు వాడుతున్నా నెల తప్పితే...

ప్రశ్న: నాకు 31 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. మూడేళ్లుగా రోజూ రాత్రి గర్భనిరోధక మాత్ర వేసుకుంటున్నాను. ఈసారి నెలసరి ఎనిమిది రోజులు దాటింది. కిట్‌తో చూసుకుంటే రెండు గీతలు వచ్చాయి. ప్యాకెట్ మొదలుపెట్టిన వారంలో రెండు రోజులు నీళ్ల విరేచనాలయ్యాయి గానీ, మాత్ర ఒక్కరోజు కూడా మానలేదు. గర్భం వచ్చిందని తెలియక ఆ తర్వాత కూడా వేసుకున్నాను. బిడ్డకు ఏమైనా అవుతుందా? ఉంచుకోవాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాం. ఇంకా ఎన్ని రోజులు ఆలోచించుకోవచ్చు?

జవాబు: మీరు మాత్ర మానలేదు. అది ఒంటికి పట్టలేదు, అంతే. విరేచనాలు తీవ్రంగా 24 గంటలకు మించి సాగితే ఆ రోజుల్లో వేసుకున్న మాత్రలను వేసుకోనట్టే లెక్కగట్టాలి. మాత్ర వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయినా అంతే. అందులోనూ మీకు మొదటి వారంలో అయ్యాయి. ప్యాకెట్ల మధ్య వచ్చే ఏడు రోజుల విరామంలో అండాశయం మళ్లీ పని మొదలుపెడుతుంది. ఆ విరామం ఇంకో రెండు మూడు రోజులు పొడిగితే అండం విడుదలయ్యే అవకాశం బాగా పెరుగుతుంది. కడుపు కుదుటపడ్డాక వరసగా ఏడు మాత్రలు పడేదాకా కండోమ్ కూడా వాడాలి. ఈ సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. ఒక్క పొరపాటూ లేకుండా వాడితే ఏడాదిలో 100 మందిలో ఒకరికి కూడా గర్భం రాదు. మామూలు జీవితంలో, జ్వరాలూ ప్రయాణాలూ మరుపులూ కలిపి, సుమారు ఏడుగురికి వస్తుంది. ఇందులో మీ తప్పు వెతుక్కోకండి.

గర్భం వచ్చాక వాడిన మాత్రల వల్ల బిడ్డకు అవకరాలు వస్తాయన్న భయం అక్కర్లేదు. ఈ రోజు నుంచి మాత్రం ఆపేయండి.

ఇక రోజుల లెక్క. గర్భం వారాలను కలిసిన రోజు నుంచి కాదు, చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. ఆ ప్రకారం మీకు ఐదు వారాలు దాటాయి. స్కానింగ్‌లో నిర్ధారించుకోండి. ఇంత తొందరగా చేస్తే చిన్న సంచి తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. గుండె కొట్టుకోవడం సాధారణంగా ఆరేడు వారాలకు తెలుస్తుంది. కనిపించలేదని కంగారుపడకుండా, డాక్టరు చెప్పిన వ్యవధికి మళ్లీ చేయించుకోండి. అయితే ఒకపక్క పొత్తికడుపు నొప్పి, భుజం కొనలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఒక్క గంట కూడా ఆగకండి. గర్భం గర్భాశయంలో కాక, అండం వచ్చే ట్యూబులో ఉండి ఉండొచ్చు. అది పగిలితే ప్రాణం మీదికొస్తుంది.

ఆలోచించుకోవడానికి మీకు ఒకటి రెండు వారాల వ్యవధి ఉంది. ఈ రాత్రికే తేల్చాల్సిన పని లేదు, నెలలు గడిపేయడమూ మంచిది కాదు. వారాలు తక్కువగా ఉన్నప్పుడు అబార్షన్ సులువు, ఇబ్బందులు తక్కువ. చట్టం ఎన్ని వారాల దాకా, ఏ షరతులతో ఒప్పుకుంటుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అది మొదటి సందర్శనలోనే డాక్టరును అడగండి.

వద్దనుకుంటే, మాత్రలతో చేసే పద్ధతిలో ముందు మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాములది ఒకటి మింగిస్తారు. 24 నుంచి 48 గంటల తర్వాత మిసోప్రోస్టాల్ 800 మైక్రోగ్రాములు, అంటే 200వి నాలుగు, చెంపకూ పంటి చిగుళ్లకూ మధ్య పెట్టుకుంటారు. అరగంట తర్వాత మిగిలింది మింగేస్తారు. కొన్ని గంటల్లో నెలసరి కంటే గట్టిగా నొప్పి, గడ్డలతో రక్తస్రావం మొదలవుతాయి. ఐబుప్రోఫెన్ వేసుకోవచ్చు, దానివల్ల మాత్రల పని తగ్గదు. కొద్దికొద్దిగా రక్తం కనబడటం రెండు వారాల దాకా సాగొచ్చు. మిఫెప్రిస్టోన్ వేసుకున్నాక మనసు మారితే వెంటనే డాక్టరుకు చెప్పండి. మిసోప్రోస్టాల్ కూడా వాడాక గర్భం నిలిచిపోతే బిడ్డకు అవకరాలు వచ్చే ప్రమాదం ఉంది, కాబట్టి అది పూర్తిగా పోయిందని తేల్చుకోకుండా వదలకండి. కిట్ మాత్రం గర్భం పోయాక కూడా మూడు నాలుగు వారాలు పాజిటివ్ చూపించవచ్చు, దాన్ని చూసి మోసపోకండి.

పెద్ద ప్యాడ్లు గంటకు రెండు చొప్పున వరసగా రెండు గంటలు తడిసిపోతే, 38 డిగ్రీల జ్వరం ఒక రోజుకు మించితే, దుర్వాసనతో తెల్లబట్ట అయితే ఆసుపత్రికి వెళ్లాలి. అసలు రక్తస్రావమే కాకపోయినా వెళ్లాలి. ఈ మాత్రలు ట్యూబులోని గర్భం మీద పనిచేయవు. రక్తస్రావమైంది కదా, అయిపోయిందనుకుని ఉండిపోయేవాళ్లే ఎక్కువ ప్రమాదంలో పడతారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, చాలాకాలంగా స్టెరాయిడ్లు తీసుకుంటున్నవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి.

రెండోది సక్షన్ పద్ధతి. సన్నని గొట్టంతో గర్భాశయాన్ని ఖాళీ చేస్తారు. అసలు పని పది నిమిషాల్లోపే, అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు. గీకి తీసే పాత డి అండ్ సి పద్ధతి దీనికి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అదే చేస్తామంటే కారణం అడగండి. సురక్షితంగా చేసిన అబార్షన్ వల్ల మళ్లీ పిల్లలు పుట్టకుండా పోరు. అండం రెండు వారాల్లోపే విడుదల కావచ్చు, కాబట్టి తర్వాతి పద్ధతిని అప్పుడే మొదలుపెట్టాలి.

ఉంచుకోవాలనుకుంటే ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు ఇవాళే మొదలుపెట్టి 12 వారాల దాకా వాడండి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతుంటే వెంటనే ఆపి డాక్టరుకు చెప్పండి. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడుతున్నా చెప్పండి గానీ సొంతంగా ఆపకండి. కని పెంచుకోలేమనుకునేవారికి చట్టబద్ధంగా దత్తత ఇచ్చే మార్గమూ ఉంది. భర్తతో మాట్లాడండి, ఇంటివాళ్ల మాటా వినండి. కానీ మోసేది మీ ఒళ్లు, కాబట్టి చివరి మాట మీది కావాలి. ఒత్తిడి చేస్తున్నారనిపిస్తే డాక్టరుతో ఒంటరిగా మాట్లాడతానని అడగండి.

ప్రశ్న: నిన్న రాత్రి కండోమ్ చిరిగింది. నెలసరి వచ్చి 12 రోజులు. అత్యవసర మాత్ర వేసుకుంటే చాలా?

జవాబు: వెంటనే వేసుకోండి. లివోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర 72 గంటల్లోపు వేసుకోవాలి, ఆలస్యమయ్యే కొద్దీ దాని బలం తగ్గుతుంది. అది అండం విడుదలను వాయిదా వేస్తుంది. ఇప్పటికే విడుదలై ఉంటే దానివల్ల పని జరగదు. మీ తేదీలు సరిగ్గా ప్రమాదం ఎక్కువున్న రోజులు కాబట్టి ఇంతకంటే గట్టి మార్గం చెబుతాం: ఐదు రోజుల్లోపు కాపర్ టీ వేయించుకోవడం. 100కి 99 మందికి పైగా పనిచేస్తుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి రక్షణ కూడా ఇస్తుంది. యులిప్రిస్టాల్ 30 మిల్లీగ్రాముల మాత్ర దొరికితే ఐదు రోజుల దాకా వేసుకోవచ్చు. మీరు 70 కిలోలకు మించి ఉన్నా, క్షయకు రిఫాంపిసిన్, మూర్ఛకు కార్బమజెపైన్ లేదా ఫెనిటాయిన్ వాడుతున్నా మామూలు మోతాదు సరిపోకపోవచ్చు, డాక్టరును అడగండి. వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. ఈ మాత్ర అప్పటికే ఉన్న గర్భాన్ని తొలగించదు. నెలసరి అనుకున్న తేదీ కంటే వారం ఆలస్యమైనా, కండోమ్ చిరిగిన రోజు నుంచి మూడు వారాలు గడిచినా కిట్‌తో చూసుకోండి. కండోమ్ ఎందుకు చిరిగిందో కూడా ఆలోచించండి. నూనె, వాజలైన్ కండోమ్‌లోని లాటెక్స్ రబ్బరును బలహీనం చేస్తాయి. ఎండలో, పర్సులో నెలల తరబడి ఉన్నవీ, కొసన గాలి ఉంచి తొడిగినవీ తేలిగ్గా చిరుగుతాయి.

ప్రశ్న: కాపర్ టీ ఉండగానే గర్భం వచ్చింది. దారం చేతికి తగులుతోంది. ఎలాగూ ఉంది కదా, అలాగే వదిలేస్తే నష్టమా?

జవాబు: నష్టమే. ముందు స్కానింగ్ చేయించి గర్భం ట్యూబులో లేదని తేల్చుకోవాలి. కాపర్ టీ గర్భం రాకుండా బాగా ఆపుతుంది, కానీ వస్తే మాత్రం ట్యూబులో నిలిచే అవకాశం ఎక్కువ. గర్భాశయంలోనే ఉంటే, ఉంచుకున్నా వద్దనుకున్నా తొలి వారాల్లోనే డాక్టరు దారం పట్టి తీసేస్తారు. తీయడంలో గర్భస్రావమయ్యే ప్రమాదం కొంత ఉన్నా, లోపలే వదిలితే ఇన్‌ఫెక్షన్, నెలలు నిండకముందే కాన్పు ప్రమాదాలు అంతకంటే ఎక్కువ. అబార్షన్ మాత్రలు వాడదలచినా ముందు కాపర్ టీ తీయించుకోవాల్సిందే. దారాన్ని మీరు లాగకండి.

ప్రశ్న: మావారికి వేసెక్టమీ (మగవారికి చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్) అయి నెల దాటింది. ఇక జాగ్రత్త అవసరమా?

జవాబు: అవసరమే. కోతకు అవతల నాళాల్లో మిగిలిన వీర్యకణాలు పోవడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. వీర్య పరీక్షలో అవి లేవని రిపోర్టు వచ్చేదాకా కండోమ్ మానకండి.