డాక్టర్ సలహా: గేమ్ వల్లే బొటనవేలు నొప్పి అంటున్నారు, మరి గేమ్ ఆడని మీ ఆవిడకి ఎందుకొచ్చింది?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. నాకు 31 ఏళ్లు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం, ఆఫీస్ రాయదుర్గం దగ్గర, రోజూ మెట్రోలో వెళ్లొస్తా. చిన్నప్పట్నుంచి గేమ్స్ అంటే పిచ్చి, గంటకింత అని వీడియో గేమ్ అద్దెకి తెచ్చుకుని కాంట్రా ఆడిన రోజుల నుంచి ఇప్పుడు ప్లేస్టేషన్ దాకా. నా లెక్కలో మంచి గేమ్ అంటే నవల చదివినట్టు నిదానంగా ఆడాలి, ర్యాంక్ కోసం ఆడేది గేమే కాదు. ఎల్డెన్ రింగ్ రెండోసారి ఆడుతున్నా. ఇది కాక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతకడం, వంట, షటిల్ ఇష్టం. మూడు నెలలుగా కుడిచేతి బొటనవేలు మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి. బాటిల్ మూత తిప్పలేకపోతున్నా, షటిల్ మానేశా. మెట్రోలో ఫోన్లో బీజీఎంఐ అని ర్యాంక్ కోసం ఆడే తుపాకుల గేమ్ ఆడతా, పాప పడుకున్నాక 11 నుంచి ఒంటిగంటన్నర దాకా ఇంట్లో ఆడతా. పాపకి ఆరో నెల. ఇదంతా గేమ్ జబ్బు, ఆ మిషన్ అమ్మెయ్ అంటోంది అమ్మ. మా ఆవిడకి కూడా చెయ్యి నొప్పే, తనది ఇంటి పని వల్ల అనుకుంటా. నాది అడిక్షనేనా? గేమ్స్ మానేయాలా?
ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనపడింది మీరు ఆఖర్న ఒక్క ముక్క రాసి వదిలేసిన మాట, మీ ఆవిడకి కూడా చెయ్యి నొప్పి అన్నది. ఆవిడ ప్లేస్టేషన్ కంట్రోలర్ (చేత్తో పట్టుకుని బటన్లు నొక్కేది) పట్టుకోదు, బీజీఎంఐ ఆడదు, అయినా నొప్పి ఉంది. మరి మీ ఇద్దరూ రోజూ చేసే పని ఒకటుంది కదా, పాపని ఎత్తుకోవడం. ఆరో నెల అంటే ఏడు కిలోలకి అటూ ఇటూ ఉంటుంది, ఉయ్యాల్లోంచి తీసేటప్పుడు మనం ఏం చేస్తామంటే బొటనవేళ్లు వెడల్పుగా చాపి, చంకల కింద రెండు చేతులూ పెట్టి పైకి లేపుతాం, ఆ బరువు ఒత్తిడి ఒక్కో మణికట్టు పక్కనున్న రెండే రెండు స్నాయువుల (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లలాంటివి) మీద పడుతుంది, అలా రోజుకి ఎన్నిసార్లు ఎత్తుతారో ఒక్కరోజు లెక్కపెట్టి చూడండి.

చూడకుండా రోగం పేరు చెప్పేయడం నాకు ఇష్టం ఉండదు కానీ మీరు రాసిన చోటు, మూత తిప్పలేకపోవడం, పాప పుట్టాక మొదలవడం, ఇవన్నీ కలిపి చూస్తే డి కెర్వెన్ అనే సమస్య లాగే ఉంది. 1895లో స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వెన్ దీని గురించి రాశాడు, ఆయన పేరే పెట్టారు, అప్పటికి వీడియో గేమూ లేదు మొబైలూ లేదు. బొటనవేలిని పక్కకి చాపే, పైకెత్తే స్నాయువులు రెండూ మణికట్టు దగ్గర ఇరుకు గొట్టం లాంటి తొడుగులోంచి వెళ్తాయి, అదే పని మళ్లీ మళ్లీ చేస్తుంటే ఆ తొడుగు మందం అవుతుంది, లోపల స్నాయువు జారలేక ఒరుసుకుంటుంది, అదీ మీ నొప్పి. మనవాళ్లు నరం పట్టేసింది అంటారు గానీ ఇది నరం కాదు. ఇంట్లో ఒకసారి చూసుకోండి, బొటనవేలు లోపల పెట్టి పిడికిలి మూసి, మెల్లగా మణికట్టుని చిటికెనవేలు వైపు వంచండి, బొటనవేలు మొదట్లో చురుక్కుమంటే దాదాపు ఇదే, ఒక్కసారి చాలు, పదేపదే చేసి నొప్పి పెంచుకోవద్దు. మీ ఆవిడని కూడా చెయ్యమనండి. బాలింతల్లో ఇది మామూలుగా చూసేదే, కాన్పు తర్వాత ఒంట్లో వచ్చే మార్పులు కూడా కొంత కారణం అంటారు, పైగా పాలిచ్చేటప్పుడు పాప తల కింద చెయ్యి వంచి చాలాసేపు అలాగే పట్టుకుంటారు. ఇంటి పని వల్లే అని మీరు తేల్చేసుకున్నారు, ఆవిడ కూడా అలాగే అనుకుని ఓర్చుకుంటూ ఉండుంటుంది, అదే నాకు బాధగా ఉంది.

గేమ్‌కి అసలు సంబంధం లేదా అంటే ఉంది, అది దాచను. 1990లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక డాక్టర్ చిన్న ఉత్తరం రాశారు, 35 ఏళ్ల ఆవిడ ఐదు గంటలు ఆపకుండా నింటెండో వీడియో గేమ్ ఆడి బొటనవేలు నొప్పితో వస్తే దానికి నింటెండినైటిస్ అని పేరు పెట్టారు. మీ విషయంలో నాకు కంట్రోలర్ కంటే ఫోన్ మీదే ఎక్కువ అనుమానం. కంట్రోలర్ రెండు చేతుల్లో నిండుగా కూర్చుంటుంది, బరువు అరచేతుల మీద ఉంటుంది. ఫోన్ సంగతి అలా కాదు, పలకలాంటి దాన్ని బొటనవేళ్ల మొదళ్లతో నొక్కిపట్టి, మళ్లీ అవే బొటనవేళ్లతో స్క్రీన్ అంతా తిరగాలి, అదీ దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేట దాకా ఒక రైలు, అక్కణ్నుంచి రాయదుర్గం ఇంకో రైలు, మధ్యలో సీటు దొరక్కపోతే నిలబడి ఊగుతూ ఆడటం. ఒక్క మాట, మీరే రాశారు కదా ర్యాంక్ కోసం ఆడేది గేమే కాదు అని, మరి రోజూ రెండు పూటలా చెయ్యి అరగదీస్తున్నది ఆ గేమే. మీకు నిజంగా ఇష్టమైనదాన్ని ఉంచుకుని ఇష్టం లేనిదాన్ని వదలమంటున్నా, అంతే. మెట్రోలో ఆబిడ్స్‌లో కొన్న పుస్తకం తీయండి, ఒళ్లో బ్యాగ్ మీద పెట్టుకుని చదివితే బొటనవేలికి పని తక్కువ.

ఇంక వైద్యం. మెడికల్ షాప్‌లో మామూలు మణికట్టు బ్యాండ్ ఇస్తారు, అది సరిపోదు, బొటనవేలిని కూడా కదలకుండా పట్టేది కావాలి, థంబ్ స్పైకా స్ప్లింట్ అని అడగండి. మూడు నుంచి ఆరు వారాలు, వీలైనంతసేపు, స్నానానికి తీసి మళ్లీ పెట్టుకోవాలి. నొప్పి ఉన్నచోట గుడ్డలో చుట్టిన ఐస్ పది నిమిషాలు, రోజుకి రెండు మూడుసార్లు. నొప్పికి పైన రాసుకునే డైక్లోఫెనాక్ జెల్ మీరు వాడొచ్చు, నొప్పి మాత్రలు మాత్రం బీపీ, కిడ్నీ, కడుపులో పుండు లాంటివి ఉన్నాయేమో డాక్టర్‌కి చెప్పాకే. మీ ఆవిడ పాలిస్తున్నారు కాబట్టి ఆవిడకి మీ జెల్ గానీ మీ మాత్ర గానీ ఇవ్వొద్దు, విడిగా అడిగి రాయించుకోవాలి. దయచేసి పహిల్వాన్ దగ్గరికెళ్లి మాలిష్ చేయించుకోకండి, ఎముక విరిగినా బెణికినా మన సిటీలో చాలామంది ముందు అక్కడికే పోతారు, వాచిన తొడుగుని గట్టిగా నలిపితే ఇంకా వాస్తుంది, అలా నలిపించుకుని వచ్చిన చేతులు నేను చాలా చూశా. స్ప్లింట్‌తో తగ్గకపోతే ఆ తొడుగులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, స్టెరాయిడ్ అనగానే భయపడతారు కానీ ఇది ఆ చోటుకే ఇచ్చేది, ఎక్కువమందికి దీంతోనే తగ్గిపోతుంది, కొందరికి అక్కడ చర్మం కాస్త తెల్లబడుతుంది, షుగర్ ఉన్నవాళ్లకి కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. దానికీ తగ్గనివాళ్లకి చెయ్యి వరకే మత్తిచ్చి ఆ తొడుగుని తెరిచే చిన్న ఆపరేషన్ ఉంది, మీరు అంతదాకా రాకుండా చూసుకుందాం.

పాపని ఎత్తే పద్ధతి ఇవ్వాళే మార్చండి, ఇద్దరూ. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఆనించి, అరచేతులు పైకి చూసేలా పెట్టి, ఒక చెయ్యి పిరుదుల కింద, ఒక చెయ్యి వీపు కింద, చేటలో బియ్యం ఎత్తినట్టు కిందనుంచి ఎత్తి ముంజేతి మీదకి తీసుకోవాలి. మొదటి రెండ్రోజులు వింతగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

వేళ్లు తిమ్మిరెక్కడం గురించి మీరు రాయలేదు, ఒకవేళ ఉంటే విషయం వేరు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిపూట మొద్దుబారి నిద్ర లేపుతుంటే అది మణికట్టులో నరం నొక్కుకోవడం, షుగర్, థైరాయిడ్ కూడా చూడాలి. చిటికెనవేలు వైపు అయితే మోచెయ్యి కుర్చీ చేతి మీద ఆనించి గంటలు గంటలు కూర్చోవడం వల్ల కావచ్చు. చెయ్యి ఎర్రగా వేడిగా వాచి జ్వరం వస్తే మాత్రం ఆగకుండా అదే రోజు హాస్పిటల్‌కి వెళ్లాలి.

అమ్మగారి మాటకి వస్తా. గేమ్ జబ్బు అనేది లేదని నేను అనను, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 అనే రోగాల జాబితాలో దాన్ని చేర్చింది, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. కానీ ఎక్కువసేపు ఆడితే జబ్బు అని అందులో ఎక్కడా లేదు. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, జీవితంలో మిగతావన్నీ పక్కకెళ్లి గేమే ముందు రావడం, నష్టం జరుగుతోందని తెలిసీ ఆడుతూనే ఉండటం, ఇదంతా మామూలుగా 12 నెలలైనా సాగి, ఉద్యోగం, ఇల్లు దెబ్బతినేంత ఉండాలి. మీరు వంట చేస్తున్నారు, పుస్తకాలు వెతుకుతున్నారు, ఉద్యోగం మామూలుగా నడుస్తున్నట్టే ఉంది, షటిల్ మానింది నొప్పి వల్ల, గేమ్ వల్ల కాదు. మీ ఉత్తరం చూస్తే నాకు ఆ జబ్బు కనపడట్లేదు. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్లో అప్పులపాలైనవాళ్లని టీవీల్లో చూసి పెద్దవాళ్లు అన్నీ ఒకటే అనుకుంటారు, ఆ ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో చట్టమే వచ్చింది, ప్లేస్టేషన్‌లో కథ ఆడుకోవడం అది కాదు అని అమ్మగారికి కూర్చోబెట్టి చెప్పండి. ఆపుదామన్నా ఆపలేకపోతున్నా అని ఎప్పుడైనా మీకే అనిపిస్తే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

కానీ ఒంటిగంటన్నర దాకా ఆడటం నాకు నచ్చలేదు. రాత్రి పాప ఎన్నిసార్లు లేస్తుందో మీరు రాయలేదు, లేచినప్పుడు ఎవరు చూస్తున్నారో కూడా రాయలేదు. నిద్ర తక్కువైనవాళ్లకి నొప్పి కూడా ఎక్కువ తెలుస్తుంది, ఇది ఇద్దరికీ వర్తిస్తుంది. నొప్పి తగ్గేదాకా రెండు మూడు వారాలు కంట్రోలర్ పక్కన పెట్టేయండి, తర్వాత రోజుకి గంట, 12కి ముందే ఆపెయ్యండి. ఎల్డెన్ రింగ్‌లో మామూలుగా పాజ్ ఉండదని మీకు నేను చెప్పక్కర్లేదు, అందుకే ఆటలో సేదతీరే చోటు, ఆ గ్రేస్ దగ్గర కూర్చున్న ప్రతిసారీ మీ మందు ఫ్లాస్కులు నిండినట్టే మీ చేతికీ రెండు నిమిషాలు ఇవ్వండి, కంట్రోలర్ కింద పెట్టి వేళ్లు చాపి వదిలెయ్యండి.

ఈ వారంలోనే దగ్గర్లో ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించుకోండి, మూడు నెలలు అంటే ఇప్పటికే ఆలస్యం. ఒక్కరే వెళ్లకండి, ఓపీలో రెండు చీటీలు రాయించండి, ఒకటి మీ పేరు మీద, ఒకటి మీ ఆవిడ పేరు మీద, పాపని ఆ గంట అమ్మగారు చూసుకుంటారు.