కొండవాలు మీద లాంటానా తియ్యాలంటే: నలభై మందితో ఒక ఆదివారం ఎలా నడపాలి

మీరడిగింది ఇది: విశాఖలో మధురవాడ వైపు కాలనీ వెనక కొండ, నలభై మంది వాలంటీర్లు, వచ్చే ఆదివారం లాంటానా (చుట్టూ అల్లుకుపోయే ముళ్ళ కలుపు పొద) కంప కొట్టేసి అక్కడే వంద మొక్కలు నాటడం, కుదిరితే నెలకోసారి బీచ్ శుభ్రం చెయ్యడం. నా జవాబు: వచ్చే ఆదివారం వద్దు, వంద మొక్కలు వద్దు, కంప తియ్యడం, మొక్కలు నాటడం ఒకే రోజు అసలే వద్దు. మిగతాదంతా భేషుగ్గా చెయ్యొచ్చు.

ముందు ఆ కొండ ఎవరిదో తేల్చుకోండి. విశాఖలో ఇది తేలిగ్గా తెగే ప్రశ్న కాదు. కంబాలకొండ అభయారణ్యం అటవీశాఖది. కైలాసగిరి పార్కు నగరాభివృద్ధి సంస్థ అయిన వీఎంఆర్‌డీఏ చూస్తుంది. తొట్లకొండ, బావికొండ బౌద్ధ క్షేత్రాలు పురావస్తుశాఖ రక్షణలో ఉన్నాయి. సింహాచలం చుట్టూ దేవస్థానం భూములు, డాల్ఫిన్స్ నోస్ మీద నేవీ. ఒకే కొండకి ఈ పక్క ఒకరు, ఆ పక్క ఇంకొకరు ఉండటం మామూలే. తహసీల్దారు ఆఫీసులో సర్వే నంబరు కనుక్కుంటే ఉత్తరం ఎవరి పేరిట రాయాలో తెలుస్తుంది. అటవీ భూమి అయితే జిల్లా అటవీ అధికారికి, అంటే డీఎఫ్‌ఓకి రాసి, ఒక కాపీ రేంజ్ ఆఫీసర్‌కి ఇవ్వండి. అభయారణ్యం లోపలయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. అనుమతి లేకుండా లోపల అడుగు పెట్టడమే తప్పవుతుంది, మొక్క పీకడం దాకా అక్కర్లేదు. మేం మంచి పనే చేస్తున్నాం కదా అన్న మాట అక్కడ చెల్లదు.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. తేదీ, మొదలయ్యే వేళ, ముగిసే వేళ, స్థలం లొకేషన్, ఎంతమంది వస్తారు, ఏ పనిముట్లు తెస్తారు, ఏం తీస్తారు, తీసింది ఎక్కడికి పోతుంది, బాధ్యుల ఫోన్ నంబర్లు రెండు. పనిముట్ల సంగతి దాచకండి. కత్తులు, గునపాలు పట్టుకుని కొండెక్కుతున్న నలభై మందిని చూసి ఎవరో ఒకరు పోలీసులకి ఫోన్ చెయ్యకపోతే ఆశ్చర్యపోవాలి. రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద ముద్ర, ఇన్‌వార్డు నంబరు వేయించుకోండి. ఇదంతా కనీసం మూడు వారాల ముందు. జవాబు కోసం చూస్తూ కూర్చోకుండా మధ్యలో ఒకసారి వెళ్ళి కనబడాలి. అటవీశాఖ బీట్ ఆఫీసర్‌ని స్థలానికి తీసుకెళ్ళి చూపిస్తే సగం పని అయినట్టే. ఎక్కడ కొట్టాలో, ఏది ముట్టకూడదో ఆయనే చెబుతారు.

తర్వాత తేల్చాల్సింది, తీసిన చెత్త ఎవరు ఎత్తుతారన్నది. అది ఖాయమయ్యాకే తేదీ వెయ్యండి. ఊరికి ఆనుకున్న కొండల్లో కంప కింద మందు సీసాలు, బిర్యానీ పొట్లాలు, ఇంటి కూల్చివేత మట్టి ఉంటాయి. బస్తాలు నింపి రోడ్డు పక్క పేర్చి ఫొటో దిగాక, లారీ రాకపోతే మూడోరోజుకి కుక్కలూ ఆవులూ వాటిని చింపి వాలంతా పరుస్తాయి. అప్పుడు మొదటికంటే అధ్వాన్నం. వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీని, పైన శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని కలిసి, ఏ బండి, ఎన్ని గంటలకి, ఏ మలుపు దగ్గరికి వస్తుందో డ్రైవరు నంబరుతో సహా రాసుకోండి. కార్పొరేషన్ బండి ఖాయంగా దొరక్కపోతే సొంతంగా టాటా ఏస్ మాట్లాడుకోవాలి, కానీ చెత్తని ఎక్కడ దింపాలో కార్పొరేషన్ వాళ్ళే చెప్పాలి. ఖాళీ స్థలం చూసి దింపేసే డ్రైవర్లున్నారు. కొట్టిన కంపని మాత్రం బండెక్కించకండి. దానికి కొండ మీదే పని ఉంది.

ఇక అసలు పని. చాలామంది లాంటానాని నేలకి జానెడు పైన కత్తితో నరికి, స్థలం బాగుపడిందనుకుంటారు. నరికిన చోట ఒక కొమ్మకి పది చిగుళ్ళు లేస్తాయి, మరుసటేడు అదే పొద రెండింతలు. నేలకి తగిలిన కొమ్మ కణుపు దగ్గర వేరు పోసుకుంటుంది. చిగురు పుట్టేది కాండం వేరుగా మారే ఆ మెడ దగ్గరే. కాబట్టి తల్లివేరుని ఆ మెడకి కింద, మట్టిలో 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతున తెంచాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇదే. మొత్తం వేరు తవ్వి తియ్యక్కర్లేదు, నేల ఎక్కువ కదలదు, మందులూ వద్దు. తెంచిన పొదని తలకిందులుగా, వేరు ఆకాశం వైపు ఉండేలా బండ మీదో ఇంకో ఎండు పొద మీదో పెట్టాలి. తడి నేల మీద మామూలుగా పడేస్తే మళ్ళీ బతుకుతుంది.

నల్లటి కాయలు పండకముందే తియ్యాలి. పిట్టలు తిని విత్తనాన్ని ఎక్కడెక్కడో వేస్తాయి. మన దగ్గర జులై, ఆగస్టు మంచి కాలం. నైరుతి వానలకి నేల మెత్తబడుతుంది, గుద్దలి దిగుతుంది. ఏప్రిల్‌లో ఆ ఎర్రమట్టి రాయిలా ఉంటుంది, వాలంటీర్ల చేతులు బొబ్బలెక్కడం తప్ప ఏం జరగదు. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లొస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరినే తాకింది. మన కొండలు ఖొండలైట్ రాయి, పైన పాడైపోయి మట్టిగా మారిన పొర. దాన్ని పట్టుకున్న కంపని ఒక్కసారి నున్నగా గీకేస్తే ఒక పెద్ద వానకి మట్టంతా మీ కాలనీ కాలువలోకి దిగుతుంది. అందుకని వాలుకి అడ్డంగా ఐదు మీటర్ల వెడల్పు పట్టీ తీసి, దాని కింద ఐదు మీటర్లు వదిలెయ్యండి. ఎండిన కంపని పట్టీ కింది అంచున వాలుకి అడ్డంగా పేరిస్తే మట్టికి కట్టలా నిలుస్తుంది. తగలబెట్టడం ఎంత తేలికైనా ఆ మాట ఎత్తకండి. గాలి మారితే కొండంతా అంటుకుంటుంది.

మొదటిసారికి 20 మీటర్లు పొడవు, 20 మీటర్లు వెడల్పు ఉన్న ఒక ముక్క చాలు. ముందురోజు ఇద్దరు వెళ్ళి దానికి తాడు కట్టాలి. కంప నీడలో బతుకుతున్న వేప, రేల, నేరేడు, మారేడు పిల్లమొక్కలకి తెల్ల గుడ్డ పీలికలు కట్టాలి. ప్లాస్టిక్ రిబ్బన్ వద్దు. ఇది చెయ్యకపోతే ఉత్సాహంలో లాంటానాతో పాటు వాటినీ నరికేస్తారు. ఆ పిల్లలే మీరు నాటబోయే వాటికంటే గట్టివి, నీళ్ళు అడగవు.

నలభై మందికి నలభై గుద్దళ్ళు కొనకండి. లాంటానాకి ముగ్గురు కలిస్తేనే పని సాగుతుంది: ఒకరు పంగల కర్రతో ముళ్ళకొమ్మలు ఎత్తిపట్టాలి, ఒకరు కూర్చుని వేరు తెంచాలి, ఒకరు లాగి తలకిందులు చెయ్యాలి. ముగ్గురేసి ఉన్న రెండు గుంపులు కలిపి ఒక జట్టు, ఆరు జట్లు. జట్టుకి రెండు గుద్దళ్ళు, ఒక గునపం, పొడుగు పిడి కత్తెరలు రెండు, పంగల కర్రలు రెండు. పిడులకి పసుపో ఎరుపో పెయింటు వెయ్యండి, కంపలో పడ్డ పనిముట్టు కనబడాలి. దిగేటప్పుడు లెక్క సరిపోవాలి. మిగిలిన నలుగురిలో ఒకరు పనిముట్ల లెక్క, ఒకరు నీళ్ళు, ఒకరు ప్రథమ చికిత్స పెట్టె, ఒకరు ఊరికే తిరిగి చూడటం. ఈ నాలుగోవారికి ఏ పనీ అప్పగించకండి. గుద్దలి ఊపే మనిషికీ పక్క ముగ్గురికీ మధ్య మూడు మీటర్ల ఎడం లేకపోతే పని ఆపించడం ఆయన పని. ముందువరుస కంటే దిగువన ఎవరూ ఉండకూడదు, రాళ్ళు దొర్లుతాయి.

చేతికి రబ్బరు పూత వేసిన అల్లిక గ్లవ్స్ కావాలి. ఆస్పత్రి గ్లవ్స్ మొదటి ముల్లుకే పోతాయి. నిండు చేతుల చొక్కా, బూట్లు. చెప్పులతో వచ్చినవాళ్ళని ఎంత దగ్గరవాళ్ళయినా పైకి పంపకండి, కింద నీళ్ళ దగ్గర కూర్చోబెట్టండి. మంచినీళ్ళు మనిషికి లీటరున్నర, అంటే అరవై లీటర్లు. ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగు తెచ్చుకుంటే ఒకటి మిగులుతుంది. గ్లాసులు స్టీలువి. ఇక్కడి ఉక్కపోతలో నీళ్ళొక్కటే చాలవు, ఓఆర్‌ఎస్ గానీ ఉప్పేసిన మజ్జిగ గానీ ఉండాలి. ఆ నెలల్లో ఐదున్నరకే తెల్లారుతుంది కాబట్టి ఆరుకల్లా పని మొదలవ్వాలి, ఎనిమిదిన్నరకి ఆపెయ్యాలి. తొమ్మిది దాటాక జరిగే పని తక్కువ, తగిలే దెబ్బలు ఎక్కువ. టిఫిన్ కింద, ఆకుల్లో. ప్లాస్టిక్ పూత ఉన్న పేపరు ప్లేట్లు తెచ్చి పరిసరాల పరిశుభ్రత గురించి మాట్లాడితే పిల్లలే నవ్వుతారు.

రక్తపింజర, కట్లపాము, కందిరీగలు ఈ కంపల్లో ఉంటాయి. ప్రతి పొదనీ ముట్టుకునే ముందు పొడవాటి కర్రతో కొట్టి ఒక నిమిషం ఆగాలి. రీగల తుట్టె కనిపిస్తే ఆ పొదకి గుడ్డ కట్టి వదిలెయ్యాలి. పాము కాటు వేస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం ఏదీ చెయ్యకుండా, ఆ చెయ్యో కాలో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని దించాలి. 108కి చెప్పడానికి దగ్గరలోని రోడ్డు గుర్తు ముందే అందరికీ తెలియాలి. ఊరి పెద్దాసుపత్రి అయిన కేజీహెచ్‌కి ఎంత సేపు పడుతుందో ముందురోజు చూసుకోండి. పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళు వస్తే తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి, వాళ్ళకి కత్తీ గుద్దలీ ఇవ్వకూడదు.

ఇప్పుడు మొక్కల సంగతి. కంప తీసిన నేలలో విత్తనాలు దాక్కుని ఉంటాయి. వెలుగు తగలగానే సెప్టెంబరు, అక్టోబరుల్లో లాంటానా పిల్లలు గుంపులుగా లేస్తాయి. ఆ నెలల్లో పన్నెండు మంది వెళ్ళి చేత్తో పీకాలి, తడి నేల కాబట్టి సులువుగా వస్తాయి. రెండు మూడేళ్ళు వానల తర్వాత ఇలా వెళ్ళకపోతే మొదటిరోజు చాకిరీ దండగ. నాటడం మరుసటేడు జూన్ చివర పెట్టుకోండి, ఈలోగా తనంత తాను ఏం లేస్తుందో కూడా తెలుస్తుంది. ఎన్ని నాటాలన్నది నీళ్ళు చెబుతాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా మొక్కకి వారానికి పది లీటర్లు వేసుకుంటే, వంద మొక్కలకి వారానికి వెయ్యి లీటర్లు. అంటే ఇరవై కిలోల క్యాన్లు యాభై, ప్రతి వారం, కొండ పైకి. ఇరవై ఐదు మొక్కలయితే పదమూడు క్యాన్లు. మీ కాలనీ అవి మొయ్యగలిగితే ఇరవై ఐదు నాటండి, లేకపోతే పది.

గుంత 45 సెంటీమీటర్లు అన్ని వైపులా, దిగువ వైపు అర్ధచంద్రాకారంలో మట్టి కట్ట. నేరేడు, కానుగ, మద్ది, రేల, ఉసిరి, వెలగ బాగా నిలుస్తాయి. రెండడుగుల లోపు మొక్కే మేలు. నర్సరీలో ఏళ్ళకేళ్ళు కవర్లో ఉన్న ఐదడుగుల మొక్క ఫొటోలో బాగుంటుంది, వేరు మాత్రం లోపల చుట్టలు చుట్టుకుని ఉంటుంది. సుబాబుల్, కోనోకార్పస్ ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. దిగేటప్పుడు మొక్కల లెక్కకి పాలిథీన్ కవర్ల లెక్క సరిపోవాలి.

బీచ్ మాటకొస్తే, రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది, రోజూ శుభ్రం చేసే మనుషులున్నారు. మీ అవసరం అక్కడ తక్కువ. గెడ్డలు, అంటే ఊళ్ళోంచి వచ్చే వాగులు, సముద్రంలో కలిసే చోట్లు చూడండి, ఊరి ప్లాస్టిక్ అంతా అక్కడే తేలుతుంది. గెడ్డ నీళ్ళలోకి మాత్రం దిగకండి, అది మురుగు. అలలోకీ ఎవరూ దిగకూడదు, ఒకరు సముద్రం వైపే చూస్తూ నిలబడాలి. సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళకి వెళ్తే ఇసుక ఎక్కువ బయటపడుతుంది. సిమెంటు బస్తా సగం దాటి నింపొద్దు, తడి ఇసుకతో ఇద్దరు ఎత్తలేరు. గాజు పెంకులకి, సూదులకి మూత ఉన్న ఇరవై లీటర్ల పెయింటు డబ్బా వాడండి. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో దంతెలతో ఇసుక గీకడం, చీకట్లో లైట్లు వెయ్యడం మానేసి, పైపైన కనబడేది చేత్తో ఏరుకోండి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల్లో దారి వెంట చెత్త ఏరడం తప్ప ఇంకేమీ చెయ్యకూడదు: గుంత తవ్వొద్దు, మొక్క నాటొద్దు, అంచులు తొక్కొద్దు. జాలరిపేటల దగ్గర ఇసుకలో వల కనిపిస్తే చెత్త అనుకుని లాగెయ్యకండి. అది ఎవరో ఆరబెట్టుకున్నది కావచ్చు. పేట పెద్దలకి ఒకరోజు ముందే చెప్పి, ఏవి పాడైన వలలో వాళ్ళచేతే చూపించుకోండి. పూడిపోయినదైతే పదిమంది పట్టి గుంజకుండా చుట్టూ ఇసుక తవ్వి, కత్తితో ముక్కలుగా కోసుకుంటూ తియ్యండి.