ఎనిమిదింటి స్నానాన్ని పదకొండుకి జరపండి

మూడు నెలల బాబుకి నీళ్లు పోసే టైముకే పెద్దపాప స్కూలు బస్సు, మీవారి ఆఫీసు, మామగారి స్నానం, ఉన్నది ఒక్క బాత్రూం అన్నారు కదండీ. మా ఇంట్లో ఏడుగురం, గీజరు ఒకటే. స్నానం పదకొండుకి జరిపాక సగం గొడవ తీరింది. "ఎండెక్కాక పోస్తే పిల్లాడికి చలి తగలదు అత్తయ్యా" అన్నాను, ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు! నూనె రాసే పని కూడా ఆవిడకే ఇచ్చేశాను, నాకంటే ఆవిడ చెయ్యే మెత్తన. ముక్కులో, చెవుల్లో మాత్రం నూనె చుక్కలు వద్దని ముందే చెప్పండి.

నీళ్లు పోస్తుంటే బాబు ఏడుస్తున్నాడనీ అన్నారు, దానికి కారణం నీళ్ల వేడి కావచ్చు. పెద్దవాళ్ల అరచేతికి గోరువెచ్చగా అనిపించేది పసివాడికి చురుక్కుమంటుంది. బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాత వేణ్నీళ్లు కలిపి, మోచేతితో చూడండి. 37 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. పాలు తాగిన వెంటనే పోయకండి, కక్కేస్తాడు. ఆకలి మీదున్నప్పుడూ వద్దు, ఇల్లెగరగొడతాడు.

తువ్వాలు, బట్టలు, సబ్బు అన్నీ చేతికందేలా పెట్టుకున్నాకే కాళ్లు చాపి కూర్చోండి. కాలింగ్ బెల్ మోగినా సరే, లేవాల్సి వస్తే బాబుని ఎత్తుకునే లేవండి. "ఒక్క నిమిషం చూస్తుండు" అని పెద్దపాపకి అప్పగించొద్దు.

సాంబ్రాణి మాటకొస్తే, ఆ పొగ పసి ఊపిరితిత్తులకి మంచిది కాదు. మా పిల్లల డాక్టరుగారి చేతే అత్తయ్యకి చెప్పించాను, నేను చెప్తే వింటారా!

హడావిడిగా ఉన్న రోజు తడిబట్టతో ఒళ్లు తుడిచేయండి, రోజూ తలంటక్కర్లేదు.